మోరా గ్రామంలో శీతకాలం
చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ జీవితం

ఈ సంచికకు ఒక కళాకారుని జీవితాన్ని గురించి వ్రాయవలసినదని మిత్రులు కోరినప్పుడు మాకు ముందుగా స్ఫురించిన పేర్లు మన దేశానివే. రవివర్మ ఉన్నారు, రాజమండ్రి దామెర్ల రామారావు ఉన్నారు. వారిని గురించి మన పత్రికలలో విరివిగానే వ్యాసాలు వచ్చాయి. కావున ఈసారి పాఠకులను కొంత దూరం, మంచు కురిసే ఉత్తర దేశానికి, తీసుకొనిపోదలచినాము. తెలుగు నేలతో ఆ చిత్రకారునికి ఏ సంబంధమూ లేదు. అయినా పల్లెటూరినుండి చదువుకోసం వచ్చిన విద్యార్థి ఎవరికైనా ఆయన కథ పరాయిదిగా తోచదని మా నమ్మకం.

1915వ సంవత్సరంలో స్వీడన్ దేశీయుడైన ఆండర్స్ జోర్న్ తన రూపాన్ని తానే రెండు పర్యాయాలు చిత్రించుకున్నారు. ఒక చిత్రంలో ఎర్రని దుస్తులు, మరొకదానిలో తోడేలు చర్మపు కోటు. అప్పటికి ఆయన వయస్సు ఏబది ఐదు. శరీరం బరువెక్కింది. ఆ తోలుకోటులోని మనిషిని చూచినవారు, గ్రామంలోని మోతుబరి రైతు ఎవరో చలికి కోటు కప్పుకొని వాకిట నిలబడినాడనుకొంటారు. రాజులు, కోటీశ్వరులు, అమెరికా అధ్యక్షులు ఎవరి ఎదుట కూర్చుండి తమ రూపాలు వ్రాయించుకున్నారో ఆ మనిషే ఇతడని ఊహించుట కష్టం. ఆయన కోరుకొన్నది కూడా అదేనేమో.

స్వీడన్ మధ్యభాగాన డాలర్నా అనే సీమ ఉన్నది. అందులో సిల్యాన్ అనే పెద్ద సరస్సు, దాని ఉత్తరపు ఒడ్డున మోరా గ్రామం. భూమధ్యరేఖకు అరువది ఒక్క డిగ్రీల ఉత్తరాన ఉన్న ఊరు గనుక డిసెంబరు నెలలో అక్కడ పగటి వెలుగు ఐదారు గంటలకు మించదు. సరస్సు గడ్డకట్టి రహదారి అవుతుంది. ఇళ్ళు దేవదారు జాతి మానుల దుంగలతో కట్టినవి. అటువంటి ఇంటిలో, తాతగారి కమతంలో, 1860 ఫిబ్రవరి 18వ తేదీన, నిండు శీతకాలంలో, ఆండర్స్ జన్మించాడు.

తల్లి పేరు గ్రుడ్ అన్నా. ఇక్కడ ఒక విషయం చెప్పక తప్పదు. డాలర్నా సీమలో మన తెలుగువారి వలెనే ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు వెనుక వ్రాస్తారు. గ్రుడ్ అన్నది ఆ కమతం పేరు. ఆ సీమ స్త్రీలు పొలం పనులు లేని కాలంలో దూరపు పట్టణాలకు కూలికి పోయేవారు. అన్నా కూడా అట్లే ఉప్సాలా పట్టణానికి పోయి బీరు కర్మాగారంలో పనిచేసింది. అక్కడ లియోన్‌హార్డ్ జోర్న్ అనే జర్మను దేశీయుడు, బీరు తయారీలో నిపుణుడు, ఆమెకు పరిచయమయ్యాడు. వారికి వివాహం కాలేదు. బిడ్డ తనవాడేనని ఆయన అంగీకరించి తన పేరు ధరించుటకు ఒప్పుకున్నాడు. అంతకుమించి ఆ తండ్రి కుమారుని కన్నులారా చూడనేలేదు. అమ్మమ్మ, తాతయ్యల వద్ద పెరిగిన బాలునికి ఇల్లు ఒకరిది, పేరు మరొకరిది. తరువాతి కాలంలో ఆయన ఇంటిని గురించి పడిన ఆరాటమంతా ఇక్కడనే మొలకెత్తిందని మేము తలుస్తున్నాము.

పశువులు కాచే వయస్సులోనే ఆండర్స్ చేతికి చిన్న కత్తి వచ్చింది. కొయ్యముక్కలను జంతువుల బొమ్మలుగా చెక్కేవాడు. 1872లో తండ్రి హెల్సింకీ నగరంలో మరణించాడు. ఆయన వదలిన కొద్దిపాటి సొమ్ము, ఆ వృత్తిలోని జర్మనులు కూడబెట్టి ఇచ్చిన సహాయం పిల్లవాని చదువుకు ఆధారమైనవి. ఎన్‌షోపింగ్ పట్టణంలో మూడేళ్ళు చదివి, 1875లో పదునైదవ ఏట స్టాక్‌హోమ్‌లోని రాజకీయ కళాశాలలో చేరాడు. చేరినది శిల్పి కావలెనని, అయినది చిత్రకారుడు.

1880లో విద్యార్థుల ప్రదర్శనలో ఆయన నీటిరంగుల చిత్రం ఒకటి ఉంచారు. దుఃఖసూచకమైన నల్లని మేలిముసుగు ధరించిన ఒక యువతి ముఖం అది. పలుచని ముసుగు వెనుక కనిపించీ కనిపించని ఆ ముఖాన్ని చూచి నగరంలోని సంపన్నులు తమ చిత్రాలు, తమ బిడ్డల చిత్రాలు వ్రాయుమని కబురు పంపసాగారు. అక్కడితో రూపచిత్రాల వృత్తి, మన ఉర్దూ విభాగపు మిత్రుల మాటలో తస్వీర్ల పని, మొదలైంది. ఇరువది ఏళ్ళ కుర్రవానికి డబ్బు కళ్ళబడింది.

అటువంటి ఒక పనిమీదనే 1881లో స్టాక్‌హోమ్‌లోని ఒక ఇంటికి వెళ్ళినప్పుడు, ఆయన వ్రాయవలసిన బాలుని పినతల్లి ఎమ్మా లామ్ ఆయన కంట పడింది. ఆమెది విద్యావంతులైన యూదు వర్తకుల కుటుంబం. ఇతడు కూలికి పోయిన రైతు స్త్రీ కుమారుడు. మాట ఇచ్చుకున్నారు కాని, ఆస్తి లేని వరుడు అడుగ సాహసించలేక విషయం రహస్యంగా ఉంచారు. సంపాదించుకొని రావలెనని ఆయన దేశం విడిచి స్పెయిన్, లండన్ నగరాలవెంట పోయి, నాలుగేళ్ళు కష్టించి, 1885 అక్టోబరులో ఆమెను వివాహమాడారు. ధనం కొరకు కూర్చిన పనిలోనే తోడు దొరకుట కొందరి అదృష్టం.

మధ్యకాలపు సంగతులు త్వరగా ముగిస్తాము. పెళ్ళి ప్రయాణంలో దంపతులు కాన్‌స్టాంటినోపుల్ వరకు పోగా అక్కడ ఆయనకు టైఫాయిడ్ సోకి ప్రాణం మీదికి వచ్చింది. 1887లో ఆల్జీర్స్ చూచారు. ఆ పిదప ఇంగ్లాండు తీరాన సెంట్ ఐవ్స్ అనే బెస్తవారి ఊళ్ళో తైలవర్ణాలు చేపట్టగా, మొదటి తైలచిత్రాన్నే ఫ్రెంచి ప్రభుత్వం కొన్నది. 1888 మొదలు ఎనిమిదేళ్ళు పారిస్‌లో కాపురం. 1889లో, ఇరువది తొమ్మిదవ ఏట, ఫ్రాన్సు దేశపు లీజియన్ ఆఫ్ ఆనర్ బిరుదు లభించింది. ఇవి కీర్తి లెక్కలు. వీటికంటె మాకు ముఖ్యమనిపించినది 1890 నాటి ఒక చిత్రం. స్టాక్‌హోమ్‌లోని బీరు కర్మాగారంలో సీసాల పనిలో వరుసగా నిమగ్నమైన శ్రామిక స్త్రీలను ఆయన చిత్రించారు. తల్లి యౌవనం ఎక్కడ గడచిందో ఆ స్థలాన్ని కుమారుడు మరువలేదు. ఆమెను గురించి ఎక్కడా చెప్పలేదు గాని చూచేవారికి చెప్పవలసిన అవసరమూ లేదు.

ఇప్పుడు ఆయన పనితీరును గురించి కొంత చెప్పవలెను. చిత్రకళ మీద ఆసక్తిగల విద్యార్థులు ఈ భాగాన్ని శ్రద్ధగా చదువ ప్రార్థన. జోర్న్ పలకమీద ప్రధానంగా నాలుగే రంగులు ఉండేవని ప్రసిద్ధి. తెలుపు, పసుపుపచ్చని మట్టిరంగు, ఇంగిలీకపు ఎరుపు, నలుపు. నీలం లేదు, ఆకుపచ్చ లేదు. నలుపులో తెలుపు కలిపితే వచ్చే బూడిదరంగు, వెచ్చని ఎరుపు ప్రక్కన నిలిపినప్పుడు కంటికి నీలంగా తోస్తుంది. అదే నలుపులో పసుపు కలిపితే ఆకుపచ్చ ఛాయ పుడుతుంది. అవసరమైనచోట ఇతర రంగులూ వాడేవారు గాని మనిషి ముఖానికి మాత్రం ఈ నాలుగూ చాలునని ఆయన చిత్రాలు నిరూపించాయి. శీతకాలపు డాలర్నాను తలచుకుంటే ఈ నాలుగు రంగులు మాకు వింతగా తోచవు. మంచు తెలుపు, దుంగల నలుపు, పొయ్యి వెలుగు పసుపు, స్త్రీల దుస్తుల ఎరుపు. ఇది మా ఊహ మాత్రమే.

రూపచిత్రం వ్రాయించుకొనేవారిని ఆయన సాధారణంగా తన చిత్రశాలకు పిలిపించి పీఠం మీద కూర్చుండబెట్టేవారు కారు. వారి ఇంటికే, వారి పనిగదికే పోయి, వారు కూర్చొనే కుర్చీలోనే, వారి కిటికీ వెలుగులోనే చూచేవారు. వేగంగా వ్రాసేవారు. దగ్గరనుండి చూస్తే కుంచె గీతలు విడివిడిగా, తొందరపాటుగా కనిపిస్తాయి. నాలుగడుగులు వెనుకకు జరిగితే మనిషి ఊపిరి పీల్చినట్లుంటాడు. ఇది గాక రాగిరేకు మీద సూదితో గీసి, ఆమ్లంతో కరగించి, సిరా పూసి కాగితాలమీద అచ్చువేసే ఎచింగ్ విద్యలోనూ ఆయన ఆరితేరినవారు. దాదాపు 290 రేకులు చేశారు. ఈ విద్యలో ఆయన ఆదర్శం రెంబ్రాంట్. ఆ మహాచిత్రకారుని అచ్చులను శ్రద్ధగా సేకరించి పెట్టుకున్నారు.

అమెరికాకు ఆయన ఏడు పర్యాయాలు పోయినారు. మొదటిసారి 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో స్వీడన్ కళావిభాగానికి ప్రతినిధిగా, చివరిసారి 1911లో. కొన్ని శీతకాలాలు పూర్తిగా అక్కడనే గడిచాయి. 1899లో, అప్పటికి పదవినుండి తప్పుకొన్న గ్రోవర్ క్లీవ్‌లండ్‌ను చిత్రించారు. 1911లో అధ్యక్షుడుగా ఉన్న టాఫ్ట్‌ను శ్వేతసౌధంలో చిత్రించారు. ఆ సంవత్సరమే ఉక్కు వ్యాపారి కార్నెగీ కూడా ఆయన ఎదుట కూర్చున్నారు. బోస్టన్ నగరపు కళాపోషకురాలు ఇసబెల్లా గార్డ్‌నర్ అప్పటికి పదునేడేళ్ళ ముందే, 1894లో, వెనిస్ నగరంలో ఆయన చేత చిత్రం వ్రాయించుకున్నారు. ఊరి పొయ్యి దగ్గర కూర్చోవలసిన నెలలలో ఆయన సముద్రానికి ఆవల పరాయివారి ముఖాలు వ్రాశారు. ఇవి కూలి పనులే. తల్లి పోయినట్లే కుమారుడూ పని ఉన్న తావుకు పోయినాడు. తల్లి తిరిగివచ్చినట్లే కుమారుడూ వచ్చాడు.

తిరిగివచ్చుటకు ఆయన ముందునుండే ఏర్పాటు చేసుకున్నారు. 1886లోనే దంపతులు మోరా దేవాలయానికి సమీపాన స్థలం కొన్నారు. ఆ స్థలంలో ఆయన చేసిన మొదటి పని క్రొత్త ఇల్లు కట్టుట కాదు, తాతగారి కమతంలోని పాత దుంగల ఇంటిని అక్కడికి తెచ్చి నిలుపుట. దుంగల ఇల్లు తరలించుట మనకు వింతగా తోస్తుంది గాని ఆ దేశంలో అది తెలిసిన పనే. మేకులు లేకుండా, మూలలలో గాట్లు చెక్కి ఒకదానిపై ఒకటి కూర్చిన దుంగలు గనుక, వరుసక్రమం తెలియుటకు ఒక్కొక్క దుంగకు గుర్తు వేసి, పైనుండి క్రిందికి విప్పుకొనిరావచ్చును. అంత బరువును వేసవి బాటలలో లాగుట దుస్తరం. మంచు పడిన తరువాత గుర్రాలు లాగే చక్రాలు లేని జారుబండ్లమీద, గడ్డకట్టిన సరస్సు మీదుగా, సులభంగా చేరవేయవచ్చును. ఆ సీమలో బరువైన సామగ్రి కదిలే కాలం శీతకాలమే.

1896లో పారిస్ కాపురం ముగించి దంపతులు మోరాలో స్థిరపడ్డారు. తాతగారి కుటీరాన్ని మధ్యన ఉంచుకొని ఇల్లు పెరుగుతూ వచ్చింది. ఒక ప్రయాణంలో వచ్చిన ధనంతో ఒక గది, మరొక ప్రయాణంతో మరొకటి అన్నట్లు సాగి, 1910 నాటికి జోర్న్‌గోర్డెన్ అని పేరొందిన ఆ గృహం పూర్తి అయింది. ప్రణాళికలో ఆయన చేయి ఉన్నది. పై అంతస్తులో ఎత్తైన దుంగల మండపం, గోడలకు నేతపనులు, వెండి సామాను, దేశదేశాల వస్తువులు. అదే ఇంటిలో ఆ కాలానికి అపురూపమైన ఆవిరి వేడిమి ఏర్పాటు, గొట్టాలలో నీరు కూడ ఉన్నవి. పాత ఇల్లు మీద అంత ప్రేమ ఉన్నవానికి ఇవి ఎందుకని ఆక్షేపించేవారు ఉండవచ్చును. మేము ఆక్షేపించము. బాల్యంలో చలి ఎరిగినవాడు వెచ్చదనాన్ని నిరాకరించడు. పేదరికాన్ని పూజించేవారు సాధారణంగా దానిని అనుభవించని వారే.

ఎమ్మాను గురించి చెప్పకుండా ఈ ఇంటి కథ చెప్పుట అన్యాయం. నగరంలో పుట్టి పెరిగిన యూదు యువతి, అందరూ లూథరన్ క్రైస్తవులే అయిన పల్లెలో, అత్తగారి ఊరిలో, వచ్చి నిలిచింది. భర్త ఉత్తర ప్రత్యుత్తరాలు, చిత్రాల బేరాలు, జమాఖర్చులు ఆమె చూచేది. గ్రామానికి పఠనాలయం, అనాథ బాలలకు వసతి, స్త్రీల చేతిపనులకు ఆదరణ ఆమె శ్రద్ధవలన కలిగినవి. 1907లో మోరాలో నెలకొన్న జానపద ఉన్నత పాఠశాలకు దంపతులిద్దరూ అండగా నిలిచారు. మన వంటి కళాశాలలు ఎవరి చందాలతో, ఎవరి పూనికతో నిలిచినవో తెలిసిన కమిటీ పెద్దలకు ఈ పని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. దంపతులకు సంతానం లేదు.

రూపచిత్రాల ధనం ఇంకా ఏ దారులలో ప్రవహించిందో చూడుడు. 1906లో ఆయన యెసుండా గ్రామంలో పశువుల కాపరుల కొమ్ముబూరలు ఊదేవారికి, ఫిడేలు వాయించేవారికి పోటీ ఏర్పాటు చేశారు. అప్పటికి పల్లె వాద్యకారులను గౌరవించేవారు తగ్గి, పాత బాణీలు ముసలివారితోనే అంతరించిపోయే స్థితి వచ్చింది. 1910లో స్టాక్‌హోమ్‌లో దేశమంతటి జానపద వాద్యకారుల సమ్మేళనం జరిగినప్పుడు ఆయన రూపొందించిన వెండి పతకం వారికి ఇచ్చారు. ఆయన పేరిట ఉన్న పతకం ఆ దేశపు జానపద వాద్యకారులు ఎంతో గౌరవంగా భావించేది. పెద్ద పట్టణాల సంగీతసభలలో చోటులేని వాద్యకారునికి వెండి పతకం ఇచ్చుటలో ఎంత ఆలోచన ఉన్నదో గ్రహింపవలెను.

మొదట శిల్పి కావలెనన్న కోరికనూ ఆయన విడువలేదు. స్వీడన్ చరిత్రలో ప్రసిద్ధమైన ఒక శీతకాలపు ఘట్టానికి మోరా వేదిక. 1520 చివరి రోజులలో డెన్మార్కు రాజు సైనికులనుండి తప్పించుకొని వచ్చిన గుస్తావ్ వాసా అనే యువకుడు తిరుగుబాటు చేయుమని మోరా రైతులను వేడుకున్నాడు. వారు ముందు సమ్మతించలేదు. అతడు నిరాశతో నార్వే దిక్కుగా వెళ్ళిపోగా, రైతులు మనస్సు మార్చుకొని, మంచుమీద జారే స్కీలు కట్టుకొన్న ఇద్దరిని వెంట పంపి వెనుకకు పిలిపించారని ఐతిహ్యం. 1523లో అతడే రాజైనాడు. ఆ యువకుని విగ్రహాన్ని జోర్న్ మలచగా 1903లో మోరాలో ప్రతిష్ఠించారు. ఆ స్కీ ప్రయాణం జ్ఞాపకార్థం తొంబది కిలోమీటర్ల పందెం 1922లో ఆరంభమై మోరాలోనే ముగిసింది. దానిని చూచుటకు చిత్రకారుడు అప్పటికి లేరు.

1911 తరువాత ఆయన అమెరికా పోలేదు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చి దూరప్రయాణాలు అందరికీ కష్టమైనవి. ఇక శీతకాలాలు స్వదేశానివే. స్వీడన్ లోని ధనికులు, అధికారులు తమ చిత్రాలు కోరుతూనే ఉన్నారు, ఆయన వ్రాస్తూనే ఉన్నారు. నిజం చెప్పవలెనంటే ఆ చివరి రూపచిత్రాలు అన్నీ ఒక తీరున లేవు. కొన్నిటిలో చేయి తన అలవాటు చొప్పున పోయినది, మనస్సు వేరే ఉన్నది. మనస్సు ఎక్కడ ఉన్నదో చెప్పుట కష్టం కాదు.

మోరాకు రైలు వచ్చింది, యాత్రికులు వచ్చారు, జోర్న్ పేరు వినివచ్చినవారు కూడ వచ్చారు. ప్రశాంతత కొరకు ఆయన ఊరికి ఉత్తరాన, నది ఒడ్డున, గోప్స్‌మోర్ అనే తావున పాత దుంగల కుటీరాలు నిలుపుకొన్నారు. పెద్ద ఇంటిలోని సౌకర్యాలు ఏవీ అక్కడ లేవు. వెలిగే పొయ్యి, చిన్న కిటికీ, చుట్టూ అడవి. అక్కడ ఆయన డబ్బిచ్చినవారిని కాక తనకు నచ్చినవారిని, ఆ సీమ రైతు స్త్రీలను, పొయ్యి మంట ముఖం మీద పడుతుండగా వ్రాశారు. బయట మంచు నీలి వెలుగు, లోపల నిప్పు ఎర్రని వెలుగు. జీవితమంతా పరాయి కిటికీల వెలుగులో ముఖాలు చూచిన కన్ను చివరికి చిన్ననాటి పొయ్యి వెలుగుకు తిరిగివచ్చింది.

ఆ కాలంలోనే ఆయనకు పాత ఇళ్ళమీద దిగులు పట్టుకున్నది. క్రొత్త కొలతలతో ఇళ్ళు లేస్తున్నవి. నల్లబడిన పాత దుంగల గాదెలు, పాకలు, వంటిళ్ళు పనికిరానివై, వంటచెరుకు క్రింద పోతున్నవి. వందల ఏండ్లు నిలిచిన దుంగను మండించుటకు ఒక్క రాత్రి చాలు. 1914 ప్రాంతంనుండి ఆయన వాటిని కొని, విప్పించి, మోరాలో ఒకచోట చేర్చసాగారు. అట్లు చేరిన కట్టడాలు నలుబది వరకు ఉన్నవి. వాటిలో పదమూడవ శతాబ్దం నాటి దుంగలతో కట్టిన ఇల్లు కూడ ఉన్నదని తరువాతి పరిశోధకులు మానుల వలయాలను లెక్కించి తేల్చారు. కాకతి గణపతిదేవుడు ఓరుగల్లును ఏలుతున్న శతాబ్దంలో అక్కడ ఎవరో రైతు ఆ మానులు కొట్టినాడన్నమాట.

ఊరి బ్రతుకును కాపాడుట, ఊరి బ్రతుకును గాజుపెట్టెలో పెట్టుట, ఈ రెంటి మధ్య గీత సన్ననిది. నివసించే మనుషులు లేని ఇళ్ళు, రోజువారీ పనికి పిలుపు ఇవ్వని కొమ్ముబూర, పండుగకు తప్ప కట్టని దుస్తులు, ఇవి వతన్‌ను నిలిపినట్లా, వతన్‌కు సమాధి కట్టినట్లా అని మాలో మేము వాదించుకొన్నాము. మాలో ఒకరు ఇప్పటికీ ఒప్పుకొనలేదు. తక్కినవారి అభిప్రాయం ఏమనగా, ఆయన ఊరిని అక్కడే ఆగిపొమ్మనలేదు. పాఠశాల, పఠనాలయం కూడ ఆ ధనంతోనే నిలిచినవి గదా. మోరా బిడ్డలు చదువుకొని ఎటైనా పోవచ్చును. పోయి వచ్చినప్పుడు తాత కట్టిన ఇల్లు ఎటువంటిదో చూచుటకు ఒకటైనా మిగిలి ఉండవలెనన్నదే ఆయన తపన.

చివరి ఏండ్లలో ఆరోగ్యం క్షీణించింది. విందులు, మద్యం ఆ దేహాన్ని తిన్నవని జీవితచరిత్రకారులు దాచలేదు, మేమూ దాచము. 1920 ఆగస్టు 22వ తేదీన, అరువదవ ఏట, రక్తం విషమయమై ఆయన మరణించారు. అది వేసవి ముగింపు. రాబోయే శీతకాలాన్ని ఆయన చూడలేదు. మోరాలోనే సమాధి చేశారు.

ఆయన పోయిన తరువాత కళాలోకంలో క్రొత్త పోకడలు ప్రబలి, ఉన్నది ఉన్నట్లు వ్రాసే చిత్రకారులను, ముఖ్యంగా ధనికుల రూపాలు వ్రాసినవారిని, చిన్నచూపు చూచే రోజులు వచ్చినవి. జోర్న్ పేరు విదేశాలలో చాలకాలం మసకబారింది. తిరిగి ప్రదర్శనలు, గ్రంథాలు వచ్చి, ఆ నాలుగు రంగుల పలకను విద్యార్థులు మళ్ళీ అభ్యసించసాగుటకు దశాబ్దాలు పట్టింది. కవుల కొరకు ఆయన ఇచ్చిన విరాళంతో 1920లో స్వీడిష్ అకాడమీ వారు నెలకొల్పిన బెల్మాన్ బహుమతి మాత్రం అప్పటినుండి ఆయన దాతృత్వాన్ని గుర్తుచేస్తూ వచ్చింది.

ఆస్తి యావత్తూ స్వీడన్ ప్రభుత్వానికి, అనగా ప్రజలకు, చెందవలెనని దంపతులు ముందే మరణశాసనం వ్రాశారు. ఎమ్మా భర్త పోయిన పిదప ఇరువది ఒక్క ఏళ్ళకు పైగా జీవించింది. చిత్రాలను, లేఖలను, ఇంటిని చెదరకుండా కాపాడింది. స్టాక్‌హోమ్ నగర సభాభవనం నిర్మించిన రాగ్నార్ ఓస్ట్‌బెరి చేత నమూనా గీయించి, 1939లో మోరాలో భర్త పేరిట చిత్రశాల తెరిపించింది. 1898లో ఆయన వ్రాసిన తల్లి చిత్రం అందులో ఉన్నది. దాని పేరు మోనా. అది ఏ ఇటలీ సుందరి పేరో కాదు. మోరా పలుకుబడిలో మోనా అనగా అమ్మ.

1942లో ఎమ్మా కూడ కన్నుమూసింది. ఆ తరువాత జోర్న్‌గోర్డెన్‌ను జనులు చూచుటకు తెరచినారు. మండపం, వెండి, నేతపనులు చూచి ముగిసిన తరువాత, 1886లో తరలివచ్చిన తాతగారి కుటీరం ఎక్కడ ఉన్నదని కొందరు అడుగుతారట. అది విడిగా లేదు. ఆ పెద్ద ఇల్లు దాని చుట్టూ పెరిగినది.